కళ్లంలో దించిన నెత్తళ్ల గంప

ఎండుచేప బాగుందో లేదో మా అత్త నోటితో చెప్పదు. ఎండిన నెత్తళ్ల పొట్ట మీద బొటనవేలితో ఒక్క రాపు రాసి, ఆ వేలు కొంగు అంచుకి తుడుస్తుంది. అంచు తెల్లగా ఉంటే చేప పాసు. నలుపు అంటితే ఫెయిలు. ఆరో తరగతిలో బడి మానేశాక నేను రాసిన పరీక్షలన్నీ ఆ కొంగు మీదే.

పోయినేడాది కోతల తర్వాత ఆ కొంగు అట్లపెనం తుడిచిన గుడ్డలా తయారైంది.

దరియాలతిప్పలో మా ఇంటి వెనక ఇసుక మీద చేపలు ఆరబోస్తాం. శీతాకాలంలో పొద్దుటి గాలి పొలాల మీంచి వచ్చి నది వైపు పోతుంది. ఆ గాలికే నెత్తళ్లు బాగా ఎండుతాయి. ఎండుచేపల వాళ్లకి అది లక్ష్మీదేవి లాంటి గాలి. ఆ ఏడు లక్ష్మీదేవి నల్లకోక కట్టుకుని వచ్చింది. పక్క ఊరు అడవిపొలం వైపు రైతులు సాయంత్రం గడ్డికి నిప్పు పెడితే, రాత్రంతా రగిలి రగిలి, పొద్దున్నే ఆ మసంతా మా నెత్తిన రాలింది. పైన ఎవరో కూర్చుని మాడిన పెనం గీకుతున్నట్టు, రేకులు రేకులుగా. మా ఆయన ఆవలిస్తే నోట్లోకి కూడా ఒకటి పోయింది. టిఫిను అయిపోయిందన్నాను.

నవ్వింది అంతవరకే. మసి ఎండిన చేప మీద పడితే ఊదెయ్యొచ్చు. అరతడి చేప మీద పడితే అతుక్కుపోతుంది. రుద్దితే పొట్ట పగులుతుంది, కడిగితే ఎండబెట్టిందంతా మళ్లీ మొదటికొస్తుంది. పైగా కాలిన వాసన. ఆ సరుకుని సంతకి తీసుకెళ్తే, ఏళ్ల తరబడి మా గంపలు దించుకుంటున్న షావుకారు ఒక చేప తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఎండబెట్టారా, కాల్చుకొచ్చారా అని అడిగాడు. కాల్చినవైతే ఇంకాస్త ఖరీదు కట్టమన్నాను. ఆయన నవ్వలేదు. నా మాటకి నవ్వని మనిషిని చూస్తే నాకు భయం. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు, మళ్లీ ఏడు కూడా ఇలాంటిదే తెస్తే మీ తిప్ప సరుకు ఇక దించుకోనని. నా సరుకు ఒక్కటే కాదు, తిప్పలో ఆడాళ్లందరిదీ. మా గంపని అలాగే తిప్పి పంపాడు. ఖాళీ గంప బదులు నిండు గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి రావడం ఆవిడ జన్మలో అదే మొదలు.

ఆ రోజే అనుకున్నాను, మళ్లీ కోతలనాటికి ఆ మంట మా వైపు రాకూడదని. ఎలా అని మాత్రం అనుకోలేదు. ముందు పట్టు పట్టేసి తర్వాత దారి వెతుక్కోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

వీధిలో తలా ఒక సలహా ఇచ్చారు. కంప్లైంటు ఇవ్వమన్నారు. ఎవరికివ్వాలి? మా తిప్ప పాండిచ్చేరి కిందికొస్తుంది. పొలాల గట్టుకి ఇటు పాండిచ్చేరి, అటు ఆంధ్రా. అటు కాలిన మంటకి ఇటు చేప చెడితే, పొగ ఏ ఊరి రేషన్ కార్డు పట్టుకుని వచ్చిందో ఎవరు తేలుస్తారు? అదీ కాక, కేసు పెట్టి రైతు చేత గడ్డి కాల్చడం ఒక ఏడు మాన్పించొచ్చు. ఆ గడ్డి ఏం చెయ్యాలో కూడా చెప్పకపోతే పై ఏడు మళ్లీ అగ్గిపుల్లే గతి.

దారి చూపించింది అత్తే. చూపిద్దామని కాదు, తిడదామని మొదలుపెట్టింది. కోతలు దగ్గరపడ్డాక ఒకరోజు వల బాగుచేస్తూ ఒకటే గొణుగుడు.

"కళ్లాలున్న రోజుల్లో ఇలా కాల్సేరా? మనం గంపలెత్తుకుని ఎల్లేవోళ్లం. ఆళ్లకి మన మొకాలు తెల్సేవి. ఇప్పుడు ఆ పొగ ఎవురి మొకాన కొడతందో ఆళ్లకేం తెల్సే?"

అది తిట్టే అయినా నాకు చురుక్కుమంది. నిజమే. చేత్తో కోసే రోజుల్లో పనలు కట్టి, కుప్ప వేసి, కళ్లంలో నూర్చి, గడ్డిని మేటు పెట్టుకునేవాళ్లు. అప్పుడు మా తిప్ప ఆడాళ్లు ఎండుచేపల గంపలతో కళ్లానికి వెళ్లేవాళ్లు. గంపలో చేప వాళ్ల ఇంటికి, చేటతో పోసిన ధాన్యం మా ఇంటికి. దానికో కట్టుబాటు ఉండేది. కళ్లంలో దించిన చేపల గంపని ఖాళీగా తిప్పి పంపకూడదు. పంపితే ఆ ఏడు గాదె నిండదని రైతుల నమ్మకం. ఎంత పిసినారైనా ఏదో ఒకటి పెట్టే పంపేవాడట.

ఇప్పుడు కోత మిషను వచ్చింది. ముందు నుంచి వరి మింగుతుంది, పక్క నుంచి ధాన్యం కక్కుతుంది, వెనక నుంచి గడ్డి చిమ్ముతుంది. పొలమంతా చిందరవందర. కళ్లం లేదు, మేటు లేదు. గడ్డి మేయడానికి గేదెలూ తగ్గిపోయాయి. పాలు పేకెట్లో వస్తున్నాయి, పేకెట్టు గడ్డి తినదు. కళ్లం పోయాక గంపతో వెళ్లే పనీ పోయింది. అడవిపొలానికి, దరియాలతిప్పకి మధ్య మిగిలిన చుట్టరికం ఆ పొగ ఒక్కటే.

"అత్తా, గంప ఎత్తు," అన్నాను.

"కళ్లం ఏదే ఎల్లడానికి?"

"మిషను ఎక్కడుంటే అదే కళ్లం."

మా పొద్దుటి గాలికి సరిగ్గా ఎదురుగా ఉన్న పొలం ఒక పెద్దాయనది. దాన్ని ఆనుకుని మురుగు కాలవ ఉంది, అది మా తిప్ప పక్కన నదిలో కలుస్తుంది. మేము వెళ్లేసరికి పెద్దాయన గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని మిషను వంక చూస్తున్నాడు. గట్టు మీద తాటిచెట్ల మొదళ్లు నల్లగా, అన్నీ ఒకే రంగు లంగాలు కట్టుకున్నట్టున్నాయి. రెండింటికి మట్టలు కూడా వాలిపోయాయి. ఏటేటా మంట తగిలితే చెట్టయినా ఎంతకని ఓర్చుకుంటుంది?

నేను గంప ఆయన ముందు దించాను. ఆయన గంపని చూసి, అత్తని చూసి, చాలాసేపటికి గుర్తుపట్టాడు. మా నాన్న ఉన్న రోజుల్లో వచ్చేదానివి కదా అని అడిగి, లేచి నిలబడ్డాడు. తర్వాత ఇబ్బంది మొదలైంది. గంపలో ఏదో ఒకటి పెట్టాలి. ధాన్యం అప్పుడే లారీలోకి పోతోంది. ఆయన జేబు తడుముకున్నాడు. డబ్బులొద్దని అత్త వెంటనే చెప్పేసింది. కళ్లంలో డబ్బు పుచ్చుకోవడం ఆవిడకి నామోషీ.

"మరేం పెట్టమంటావమ్మాయ్?" అని నన్నడిగాడు.

"గడ్డి పెట్టండి బాబాయ్."

"దానికేం భాగ్యం. గంపలో పట్టినంత పట్టుకెళ్లు."

"గంపలో పట్టినంత కాదండి. పొలంలో ఉన్నంత."

పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వాక, నేను సరదాకి అనలేదని ఆయనకి అర్థమైంది. అప్పుడు గొడుగు మూసేశాడు. పోయినేడు చేపల మీద పడ్డ మసి సంగతి, షావుకారు మాట సంగతి అన్నీ చెప్పాను. ఆయన విన్నాడు, పాపం అన్నాడు, కానీ ఆయన బాధ ఆయనకుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు సిద్ధంగా ఉంది, కాలవకి నీళ్లు వదిలేలోగా పొలం ఖాళీ కావాలి, ఎత్తించడానికి మనుషులు దొరకరు, అలాగే వదిలేస్తే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రానికి చుట్టుకుంటుంది. అగ్గిపుల్లయితే ఒక్క పూటలో పని ముగుస్తుంది. పురుగు కూడా చస్తుందన్నాడు.

"ఏటా కాలుస్తానే ఉన్నారు కదండి. మరి పురుగు ఏటా ఎందుకొస్తంది బాబాయ్? మీకేమైనా చుట్టమా?"

ఆయన కాలి బొటనవేలితో మట్టిని గీరాడు. అదివరకు మడిలో ఎక్కడ గీరినా వానపాములు కనపడేవని, ఇప్పుడు నేల పెంకులా అయిపోయిందని, ఏటేటా ఎరువు బస్తాలు పెంచుకుంటూ పోతున్నానని తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. నేను చప్పుడు చేయలేదు. నోరు మూసుకోవాల్సిన చోటు తెలిసిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

చివరికి ఒప్పుకున్నాడు. నీళ్లు వదిలే లోపు ఎత్తుకుపోతే సరే, మిగిలిపోతే మాత్రం తన దారి తనదే అన్నాడు. చేపలు దించుకుని, ఖాళీ గంప అడుగున మర్యాదకి పిడికెడు గడ్డి వేశాడు. అత్త దాన్ని బంగారంలా నెత్తిన పెట్టుకుంది.

గడ్డి అడగడం తేలిక. తీసుకెళ్లడం ఉంది చూశారూ, అప్పుడు తెలిసింది నా నోటి పొడుగెంతో. తిప్ప ఆడాళ్లని బతిమాలి, ఎగతాళి చేసి, కొందర్ని రెచ్చగొట్టి తీసుకెళ్లాను. రైతుల కొంపలో పని మనకెందుకు అన్నవాళ్లకి, షావుకారు దించుకోకపోతే నీ నెత్తళ్లు నువ్వే తింటావా అని అడిగితే కొడవళ్లు పట్టుకుని బయల్దేరారు. గడ్డిని పాత వలల్లో మూటలు కట్టాం. పోటు మీద నీరు ఎక్కేటప్పుడు మా ఆయన పడవని మురుగు కాలవలోకి తెచ్చేవాడు, పాటు మీద నీరు తీసేటప్పుడు గడ్డి మూటలతో నదిలోకి పోయేవాడు. ఏటిలో ఎదురైన పడవల వాళ్లు, ఏం పడ్డాయిరా అని అడిగేవాళ్లు. గడ్డిచేపలని చెప్పేవాడు. అలా నెలకి సరిపడా పరువు ఒక్క వారంలో పోగొట్టుకున్నాడు పాపం.

గడ్డి తెచ్చి ఏం చేశామంటే, మొదట ఒక తెలివైన పని చేశాం. ఇసుక మీద గడ్డి పరిచి, దాని మీద చేప ఆరబోస్తే ఇసుక అంటదు కదా అని నాకు తోచింది. ఇసుక అంటలేదు. గడ్డి నూగంతా అంటుకుంది. సాయంత్రానికి ఒక్కో నెత్తలి మూతికి మీసాలు. రొయ్యలని చెప్పి అమ్మెయ్యి, రెట్టింపు ధర వస్తుందని మా ఆయన సలహా. అత్త ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు గడ్డి మీద పాత వల బిగించి, ఆ వల మీద చేప పోశాం. కింద నుంచి గాలి ఆడింది, పైనుంచి ఎండ కొట్టింది, మీసాలు రాలేదు. ఇసుక లేని చేప అంటే ఏమిటో అప్పుడు చూశాను. మిగిలిన గడ్డి తిప్పలో ఉన్న గేదెల వాళ్లు మోసుకుపోయారు. ఇంకా మిగిలింది కాలవ పక్కన మేటు పెట్టాం. ఎప్పుడో పోయిన గడ్డిమేటు మళ్లీ లేచిందని చూడ్డానికి పెద్దాయన ఇంటి ఆడాళ్లు కూడా వచ్చారు.

పొలంలో సగం పైన ఖాళీ అయింది. అవతలి గట్టు వైపు మడుల్లో గడ్డి ఎత్తేసి, కాలవ వైపు మడుల్లో పని చేస్తున్నాం. ఒకరోజు పొద్దు వాలుతుండగా ఆఖరి మూట కడుతుంటే గడ్డి కాలిన వాసన వచ్చింది. అవతలి గట్టు రైతు తన పొలానికి నిప్పు పెట్టాడు. ఆయనది ఆంధ్రా వైపు పొలం. తన పొలం తను కాల్చుకుంటున్నాడు, మాకు చెప్పాలని ఆయనకేం తోస్తుంది? కానీ గట్టు మీద ఎండిన గడ్డిపరకలున్నాయి. మంట వాటిని పట్టుకుని ఇటు దిగింది. ఎదురుగా కాలవ పక్కన మా మేటు.

ఆ క్షణంలో మా ఆయన ఒక పని చేశాడు. ఇప్పటికీ తిప్పలో ఎవరూ దాన్ని మర్చిపోలేదు, నేను మర్చిపోనివ్వను కూడా. పడవలో ఉన్న విసురువలని కాలవలో ముంచి, పరుగెత్తుకెళ్లి, గట్టు దిగుతున్న మంట మీద గుండ్రంగా, అందంగా విసిరాడు. అంత చక్కగా పడిన వల నేను ఏటిలో కూడా చూడలేదు. నైలాను వల. చిటపటమంటూ ముడుచుకుపోయి నల్లటి ఉండల్లా కారిపోయింది. మంట ఒక్క ఉరుకు ఉరికింది. చేతిలో తాడు ముక్క పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదైనా సరే పారిపోతుంటే వల వెయ్యాలని ఆ చేతులకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"వదిలెయ్ రా వలని, మట్టలు కొట్టండి," అని అత్త కేకేసింది.

చేతికందే పచ్చి తాటిమట్టలు నరికి తలా ఒకటి పట్టుకున్నాం. మిగతావాళ్లు బకెట్లతో కాలవ బురద ఎత్తి గట్టు మీద పోశారు. పెద్దాయన పంచె ఎగ్గట్టి మా మధ్యకి వచ్చేశాడు. మేము కొడుతున్నాం, దగ్గుతున్నాం, కళ్లల్లో నీళ్లు. అయితే మంట గట్టు దిగి కొంచెం దూరం వచ్చి, మేము గడ్డి ఎత్తేసిన మడి దగ్గర ఆగింది. అక్కడ తినడానికి ఏమీ లేదు. కొయ్యకాళ్లు పొట్టిగా తడి నేలలో ఉన్నాయి. అటూ ఇటూ వెతికి, చిన్నబోయి, ఆరింది.

అప్పటికి అవతలి రైతు పరుగెత్తుకొచ్చాడు. కంగారులో చెప్పులు కూడా లేవు.

"నేను మీ పొలం అంటించలేదండి, నా పొలమే అంటించాను," అన్నాడు పెద్దాయనతో.

"ఆ సంగతి మంటకి చెప్పారా బాబాయ్?" అన్నాను.

ఆయన కోపంగా చూశాడు. తర్వాత నా మొహాన్ని, మిగిలిన ఆడాళ్ల మొహాల్ని చూసి ఆగాడు. మసి ఎవరి మొహాన కొడుతుందో ఆయన మొదటిసారి చూసింది అప్పుడే అనుకుంటాను. మా మొహాలు సరిగ్గా చూడ్డానికి వీలుగా లేవనుకోండి.

మేటు దక్కింది, ఇంటికి పోదామని అందరూ చేతులు దులుపుకున్నారు. అత్త కదల్లేదు. అవతలి పొలంలో ఇంకా ఎర్రగా రగులుతున్న చాళ్ల వైపు చూపించింది. ఇప్పుడు వదిలేస్తే పొద్దుటి గాలికి అదంతా మన వల మీద ఆరబోసిన చేప మీదే కదా. మొత్తం ఆరాలి అంది. బోర్డరు దాటి నీళ్లు మోశాం. పాండిచ్చేరి నీళ్లతో ఆంధ్రా నిప్పు ఆర్పాం. అవతలి రైతు కాసేపు నిలబడి చూశాడు, తర్వాత తనే ఒక బిందె పట్టుకున్నాడు. ఆయన పొలంలో కాలని సగం అలాగే మిగిలింది.

పని అయ్యాక కాలవ గట్టున చతికిలబడ్డాం. అవతలి రైతు గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా అత్తనడిగాడు.

"గంప ఆయన పొలంలోనే దించుతారా? మాది కళ్లం కాదాండీ?"

అత్త నోరు తెరిచేలోపే ఎల్లుండికి నెత్తళ్లు ఎండుతాయని, అప్పుడు తెస్తామని నేనే చెప్పేశాను. ఆ సగం పొలం గడ్డి ఎక్కడ పెడతామో, ఎవరు మోస్తారో నాకు తెలియదు. చెప్పాను కదా, నా జబ్బు.

మర్నాడు పొద్దున్నే గాలి పొలాల మీంచి వచ్చింది. లేచి అందరికంటే ముందు వల దగ్గరికి పరుగెత్తాను. పైకి చూశాను. పెనం గీకే చేయి లేదు. ఆకాశం ఉత్తి ఆకాశంలా ఉంది. నెత్తళ్లు వెండిలా మెరుస్తున్నాయి. పట్టలేని సంబరంతో రెండు చేతులతో వాటిని తిరగేస్తూ పోయాను. వెనకాలే అత్త వచ్చి వంగి, ఒక చేప తీసి, బొటనవేలితో రాపు రాసి, కొంగుకి తుడిచింది.

కొంగు నల్లబడింది.

 అత్త ఇంకో చేప తీసింది. నలుపే. మూడోది నేను ముట్టని వైపు నుంచి తీసింది. తెల్లగా ఉంది. అప్పుడు చేప వంక కాకుండా నా చేతుల వంక చూసింది. రాత్రి ఎంత తోమినా గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో మసి అలాగే ఉంది.

"పొలాలోళ్లని ఆపేవు. ఇప్పుడు నిన్నెవురాపుతారే?" అంది.

ఎన్నాళ్ల తర్వాతో మా అత్త నవ్వింది. నేను నూతి దగ్గరికి వెళ్లి, ఇసుకతో, సబ్బుతో, చివరికి చింతపండుతో చేతులు తోముకున్నాను. నేను ముట్టుకున్న చేపలన్నీ మధ్యాహ్నం పులుసులోకి వెళ్లాయి. మిగిలినవి పూర్తిగా ఎండాక మర్నాడు సంతకి వెళ్లాయి. షావుకారు ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు, ఇసుక ఉందేమోనని వేళ్లతో తడిమాడు. వంక పెట్టకుండా గంపలు దించుకున్నాడు. మీసాలున్న రకం కూడా ఉంది, కావాలా అని అడిగాను. ఈసారి ఆయన నవ్వాడు.

ఆ సాయంత్రమే అవతలి రైతు పొలంలో గంప దించాం. అడవిపొలం అవతల ఇంకా ఎన్నో పొలాలు కాలుతూనే ఉన్నాయి. దూరంగా పొగ కనపడుతూనే ఉంది. కంటికి కనపడే పొగలన్నింటికీ నా దగ్గర గంపలు లేవు. అయినా ఆ పొగ వైపు చూస్తూ నడిచిన అత్త, ఇంటికి రాగానే దూలానికి వేలాడుతున్న పాత గంపలన్నీ దించి, పేడతో అలికి, మర్నాడు పొద్దున్నే ఎండలో పెట్టింది.